రగ్బీ లీగ్ క్లబ్బు చరిత్రను తెలుగులో రాయాలనుకునేవారికి

నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి పై చదువులకని ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు వెళ్లిన పిల్లల మాటల్లో రగ్బీ లీగ్ అనే ఆట పేరు ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. తాము ఉంటున్న ఊరి జట్టు చరిత్రను తెలుగులో రాయాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని వారిలో కొందరు నన్ను అడిగారు. నేను ఆ ఆట ఆడినవాణ్ని కాను. మా వైపు కబడ్డీ పోటీలు జరిగినప్పుడల్లా సావనీర్లలో జట్ల చరిత్ర రాసే పని నా మీద పడేది. ఆ అలవాటుతోనే ఈ ఆట సంగతులు కూడా చదువుతూ వచ్చాను. కాబట్టి ఇక్కడ చెప్పేది పండితుల పద్ధతి కాదు, చేస్తూ చేస్తూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్న పద్ధతి. ఉదాహరణకు హడర్స్‌ఫీల్డ్ క్లబ్బును తీసుకుంటున్నాను. ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్‌లో ఉన్న ఆ ఊరు ఉన్ని బట్టకు పేరుపడింది. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాల చప్పుడు విన్న పాఠకుడికి అది మరీ పరాయి ఊరనిపించదు.

పేర్ల దగ్గరే మొదటి చిక్కు

మన పాఠకుడికి లీగ్ అంటే పోటీ, అంటే ఐపీఎల్ లాంటిది. రగ్బీ లీగ్ అన్నప్పుడు అది పోటీ పేరు కాదు, ఆట పేరు. రగ్బీలో యూనియన్, లీగ్ అని రెండు వేర్వేరు ఆటలున్నాయి. నియమాలు వేరు, ఆటగాళ్ల సంఖ్య వేరు, చరిత్ర వేరు. 2025లో మన దేశంలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఆడింది కదా, అదే ఇదీ అనుకునేవారు ఉంటారు. ఆ పోటీ పేరులో లీగ్ ఉన్నా, ఆడింది మాత్రం ఏడుగురు ఆడే యూనియన్ రగ్బీ. ఈ తేడాను మొదటి పేరాలోనే తేల్చకపోతే తర్వాత ఎంత బాగా రాసినా పాఠకుడు తప్పుడు దారిలోనే నడుస్తాడు.

యూనియన్ అన్న మాటతో ఇంకొక ఇబ్బంది ఉంది. ఆ మాట వినగానే మనకు మిర్యాలగూడ రైసు మిల్లుల హమాలీ యూనియనో, బీడీ కార్మికుల యూనియనో గుర్తుకొస్తుంది, అంటే కూలి కోసం కొట్లాడే సంఘం. రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ మాత్రం ఆటగాడికి కూలి కట్టివ్వకూడదని పట్టుబట్టిన సంఘం. తెలుగులో రాసేవారు ఈ తలకిందుల వ్యవహారాన్ని ఒక వాక్యంలో విప్పి చెప్పి ముందుకు పోవాలి.

ఊళ్ల పేర్లను అక్షరాలు చూసి రాయకండి, పలికేవారిని విని రాయండి. కీత్లీ అనే ఊరుంది. దాని ఇంగ్లిషు అక్షరాల్లో త అనే ధ్వనికి చోటే కనిపించదు, అయినా అక్కడివారు పలికేది కీత్లీ అనే. మన ఊరి పేరునే కొందరు నల్గొండ అని, కొందరు నల్లగొండ అని రాస్తుంటే మనం ఎంతగా వాదించుకుంటామో తలుచుకుంటే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది.

కప్పుల దగ్గర కాదు, కూలి దగ్గర మొదలుపెట్టండి

క్లబ్బు చరిత్ర అనగానే చాలామంది గెలిచిన కప్పుల పట్టికతో మొదలుపెడతారు. రగ్బీ లీగ్ విషయంలో అలా మొదలుపెడితే అసలు సంగతి చేజారిపోతుంది, ఎందుకంటే ఈ ఆట పుట్టిందే కూలి తగాదాలో.

ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్, లాంకషైర్ కౌంటీలలో రగ్బీ ఆడినవారిలో ఎక్కువమంది మిల్లు పనివారు, బొగ్గుగని పనివారు, రేవు కూలీలు. శనివారం మధ్యాహ్నం దాకా పని ఉండేది, మ్యాచ్ కూడా శనివారమే ఉండేది. పొరుగూరి మైదానానికి పోయే రైలు అందుకోవాలంటే పని మధ్యలో వదలాలి, వదిలితే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలిని క్లబ్బు కట్టివ్వడానికి అనుమతించాలని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. ఆట డబ్బు కోసం ఆడేది కాదని దక్షిణాదివారు అన్నారు. ఆ మాట అన్నవారిలో చాలామందికి శనివారం కూలి పోతుందన్న బెంగ ఉండే అవసరమే లేదు. 1893 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ సర్వసభ్య సమావేశంలో ఆ ప్రతిపాదనకు 136 ఓట్లు, వ్యతిరేకంగా 282 ఓట్లు పడ్డాయి. రెండేళ్లు తిరగకముందే, 1895 ఆగస్టు 29న, హడర్స్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్ దగ్గరలోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బుల ప్రతినిధులు కూడి నార్తర్న్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పేరుతో వేరు కుంపటి పెట్టారు. పోయిన కూలి కింద రోజుకు 6 షిల్లింగుల దాకా ఇవ్వవచ్చునన్నారు. మొదటి సీజన్ 1895-96లో 22 జట్లు ఆడగా మానింగ్‌హామ్ విజేతగా నిలిచింది. 1898లో ఆటకే డబ్బు ఇవ్వడాన్ని బాహాటంగా ఒప్పుకున్నారు గానీ, ఆటగాడికి వేరే పని ఒకటి ఉండి తీరాలని షరతు పెట్టారు. 1922లో ఆ సంఘం రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ అయింది. రగ్బీ యూనియన్ మాత్రం జీతాలకు తలుపు తీసింది 1995లో, అంటే సరిగ్గా నూరేళ్లకు.

ఆ కూలి పరిహారాన్ని ఇంగ్లిషులో బ్రోకెన్ టైమ్ అంటారు. దాన్ని విరిగిన సమయం అని తెనిగించిన వ్యాసం ఒకటి నా కంటపడింది. చదివినవారికి గడియారం చెడిపోయిందేమో అనిపిస్తుంది. పోయిన పూట కూలి అంటే చాలు. కైకిలికి పోయే తల్లుల కడుపున పుట్టిన మన పాఠకులకు పూట కూలి పోవడమంటే ఏమిటో వివరించనక్కర లేదు. ముంబై, భివండీ, షోలాపూర్‌లకు వలస పోయిన కుటుంబాలు ఉన్న పాలమూరులోనైతే మరీను. ఈ ఒక్క మాట సరిగా పడితే ఆ ఆట పుట్టుక పాఠకుడికి అందినట్లే.

6 షిల్లింగులను ఇప్పటి రూపాయల్లోకి మార్చి చూపాలన్న ఆశ మాత్రం వదులుకోండి. నిజాం కాలంలో మన దగ్గర హాలీ సిక్కా నడిచేది, బ్రిటిష్ ఇండియా కల్దార్ రూపాయి వేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానమన్న లెక్క పెద్దవారికి నోటికి వచ్చేది. అయితే ఆ లెక్క తెలిసినంత మాత్రాన అప్పుడు రూపాయికి ఏమి వచ్చేదో తెలియదు. షిల్లింగు సంగతీ అంతే. పౌండుకు 20 షిల్లింగులు అని చెప్పండి. ఆ ఏడాదే ఆ ఊరి మిల్లులో వారం కూలి ఎంత ఉండేదో అప్పటి పత్రికలో వెతికి పట్టుకుని పక్కన పెట్టండి. ఆ రెండింటి పొంతన చెప్పే సంగతి రూపాయల లెక్క చెప్పదు.

ఆటను కబడ్డీ మాటల్లో చెప్పండి, కబడ్డీగా మార్చకండి

నియమాలకు రెండు పేరాలు మించి పెట్టవద్దు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు పట్టుబడితే బయటికి పోతాడు. రగ్బీ లీగ్‌లో బంతితో పరుగెత్తేవాణ్ని పట్టి నేలకూల్చితే అతను బయటికి పోడు. లేచి నిలబడి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు, వెనకున్నవాడు అందుకుంటాడు. ఇలా ఆరు పట్లు పడేలోపు గీత దాటకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. చేతితో బంతిని ముందుకు విసరకూడదు. అవతలి జట్టు గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అది ట్రై. ఈ ట్రై అనే మాటను తెనిగించే శ్రమ పెట్టుకోకండి.

చరిత్ర రాసేవారు గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, ఈ నియమాలు ఒక్కరోజున పుట్టలేదు. 1906 దాకా జట్టుకు 15 మంది ఆడేవారు. ఆ ఏడాదే 13కు తగ్గించారు, పట్టుబడ్డవాడు లేచి బంతిని కాలితో వెనక్కి ఆడే పద్ధతీ అప్పుడే వచ్చింది. కాబట్టి 1900 నాటి జట్టు జాబితాలో 15 పేర్లు కనిపిస్తే అచ్చుతప్పని కొట్టేయకండి. 1966 దాకా ఒక జట్టు ఎన్ని పట్లకైనా బంతిని తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఆ ఏడాది నాలుగు పట్ల పరిమితి పెట్టి, 1972లో ఆరు చేశారు. పాత మ్యాచ్‌ల వర్ణన రాసేటప్పుడు ఆరో పట్టు అన్న మాట కలంలో నుంచి అలవాటుగా జారిపడుతుంది. నాకూ ఒకసారి జారింది.

స్కోరును విప్పి చూడండి

ఇక్కడ కొంచెం నిలబడి ఒక మ్యాచ్‌ను దగ్గరగా చూద్దాం. 1914-15 హడర్స్‌ఫీల్డ్ క్లబ్బు చరిత్రలో శిఖరం లాంటి సీజన్. ఆ ఏడు అందుబాటులో ఉన్న నాలుగు కప్పులూ ఆ జట్టే గెలిచింది: చాంపియన్‌షిప్, చాలెంజ్ కప్, యార్క్‌షైర్ లీగ్, యార్క్‌షైర్ కప్. ఆ జట్టును సకల ప్రతిభల జట్టు అని పిలిచేవారు. 15 ఏళ్ల వయసులో 1906లోనే ఆటలోకి దిగిన హెరాల్డ్ వాగ్‌స్టాఫ్ దాని నాయకుడు. చాలెంజ్ కప్ ఫైనల్లో సెయింట్ హెలెన్స్‌ను 37-3 తో ఓడించారు.

ఈ 37-3 ను మనం ఎలా చదవాలి? అప్పట్లో ట్రైకి 3 పాయింట్లు, గోల్ (బంతిని కాలితో తన్ని రెండు స్తంభాల మధ్య అడ్డకర్ర మీదుగా పంపడం) ఏ రకమైనదైనా 2 పాయింట్లు. ఓడిన జట్టు 3 పాయింట్లు ఒకే విధంగా రాగలవు: ఒక ట్రై చేశారు, దాని వెంట కొట్టిన కిక్కు గోలు కాలేదు. స్కోరు తప్ప మరేమీ చూడకుండానే ఇంత చెప్పగలం. కాని 37 దగ్గర ఆ ధీమా పనికిరాదు. 9 ట్రైలు, 5 గోళ్లు అయినా 37 వస్తుంది, 11 ట్రైలు, 2 గోళ్లు అయినా వస్తుంది, 7 ట్రైలు, 8 గోళ్లు అయినా వస్తుంది. వీటిలో ఏది జరిగిందో మర్నాటి పత్రిక చూస్తే గాని రాయకూడదు. స్కోరు చూసి ట్రైల వాన కురిపించారని రాసే అలవాటు మన క్రీడా విలేఖరులకు కొంచెం ఉంది. లెక్క కట్టి చూసిన తర్వాతే వాన కురిపించండి.

1983లో ట్రై విలువను 4 పాయింట్లు చేశారు. అప్పటినుంచి పాత స్కోర్లను కొత్త స్కోర్లతో పాయింట్లలో పోల్చడం కుదరదు, ట్రైల సంఖ్యలో పోల్చాలి. హడర్స్‌ఫీల్డ్‌కే ఆడిన ఆల్బర్ట్ రోజెన్‌ఫెల్డ్ అనే ఆస్ట్రేలియా ఆటగాడు 1913-14 సీజన్‌లో 80 ట్రైలు చేశాడు. ఒక సీజన్‌కు అదే ఇప్పటికీ రికార్డు. ఆ 80 ని 240 పాయింట్లని రాస్తే ఇప్పటి ఆటగాడి ముందు అది చిన్నదిగా కనిపిస్తుంది, 320 అని రాస్తే అబద్ధమవుతుంది. 80 ట్రైలు అని రాసి ఊరుకోవడమే న్యాయం.

సీజన్ పేరుతో కూడా జాగ్రత్త. ఆట చలికాలంలో ఆడేవారు కాబట్టి మన బడి సంవత్సరంలాగే సీజన్ రెండు సంవత్సరాల మీద పడేది. 1996లో సూపర్ లీగ్ అనే అగ్రశ్రేణి పోటీ మొదలైనప్పుడు ఇంగ్లండులో దాన్ని వేసవికి మార్చారు, అప్పటినుంచి ఒకే సంవత్సరం. 1915 విజేత అనడం, 1914-15 విజేత అనడం రెండూ కలిపి వాడితే ఒకే కప్పును రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఉంది.

పుట్టిన తేదీ, మారిన పేరు, మారిన జిల్లా

క్లబ్బు ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్న తేలికైనదిగా కనిపిస్తుంది, కాని ఎక్కువ తగాదాలు అక్కడే. హడర్స్‌ఫీల్డ్ తన వయసును 1864 నుంచి లెక్కపెట్టుకుంటుంది. అప్పుడు స్థాపించినది అథ్లెటిక్ క్లబ్బు, రగ్బీ ఆ తర్వాత వచ్చింది, రగ్బీ లీగ్ 1895లో వచ్చింది. మూడు తేదీలూ నిజమే. ఒకదాన్ని ఎంచుకుని మిగిలిన రెండింటిని దాచకండి. మొదటి సీజన్ విజేత మానింగ్‌హామ్ సంగతి ఇంకా చిత్రమైనది. ఆ క్లబ్బు 1903లో రగ్బీని వదిలి, గుండ్రని బంతి ఆటకు మారి, బ్రాడ్‌ఫర్డ్ సిటీ అయింది. బ్రాడ్‌ఫర్డ్‌లోనే ఉన్న ఇంకొక క్లబ్బు 1907లో అలాగే ఫుట్‌బాల్‌కు మారితే, రగ్బీని వదలడానికి ఇష్టపడనివారు విడిపోయి బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్ పెట్టుకున్నారు. పాత మైదానం అటు పోయింది, ఆట ఇటు వచ్చింది. ఇలాంటి చోట ఏది అసలు క్లబ్బు అన్న తీర్పు మీరు ఇవ్వనక్కర లేదు; ఎవరి దగ్గర ఏమి మిగిలిందో చెబితే చాలు.

పేర్ల విషయంలో నేను పాటించే సూత్రం ఒకటే: ఆ రోజున ఏ పేరు ఉందో ఆ పేరే రాయాలి. హడర్స్‌ఫీల్డ్ క్లబ్బు 1984లో హడర్స్‌ఫీల్డ్ బరాకుడాస్ అని పేరు మార్చుకుంది, ఫార్‌టౌన్‌లోని మైదానానికి కూడా అరీనా 84 అని కొత్త పేరు పెట్టింది. ఉన్ని మిల్లుల ఊరికి సముద్రపు చేప పేరు అతకలేదు. 1988లో పాత పేరుకే తిరిగి వచ్చారు. 2000లో షెఫీల్డ్ ఈగిల్స్‌తో కలిపి హడర్స్‌ఫీల్డ్-షెఫీల్డ్ జెయింట్స్ అన్నారు, ఆ సంసారం ఒక్క సీజన్‌తో ముగిసింది. ఈ పేర్లంటే అభిమానులకు ఇప్పటికీ ఒళ్లుమంట, కాబట్టి కొన్ని చరిత్రలు వాటిని ఒక వాక్యంలో దాటేస్తాయి. మీరు అలా దాటేయవద్దు. క్లబ్బు దగ్గర డబ్బు లేనప్పుడు ఏయే ఆశలు పెట్టుకుందో తెలిసేది అక్కడే.

జిల్లాల సంగతి మనకు బాగా తెలిసినదే. 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలైంది, మహబూబ్‌నగర్ నాలుగైంది, 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. అందుకే ఉమ్మడి జిల్లా అన్న మాట మన నోట ఇంకా పోలేదు. ఇంగ్లండులో 1974 ఏప్రిల్ 1న అదే జరిగింది. లాంకషైర్‌లో ఉన్న విగన్ గ్రేటర్ మాంచెస్టర్‌లోకి, విడ్నెస్, వారింగ్టన్ చెషైర్‌లోకి పోయాయి. అయినా విడ్నెస్ జట్టు లాంకషైర్ కప్పులో ఆడుతూనే వచ్చింది. ఆ కప్పు 1992-93 దాకా నడిచింది. చెషైర్ జట్టు లాంకషైర్ కప్పు ఎలా గెలిచిందని పాఠకుడు తల గోక్కుంటాడు. విడ్నెస్ ఉమ్మడి లాంకషైర్ ఊరు అని రాయండి, మనవారికి ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

చెప్పిన కథ, చెక్కిన అక్షరం

నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కింద ఒక మండల కబడ్డీ జట్టు వరుసగా మూడేళ్లు షీల్డు గెలిచిందని సావనీర్‌లో రాశాను. చెప్పినవాడు ఆ జట్టులోనే ఆడిన పెద్దమనిషి, అబద్ధమాడే మనిషి కాదు. అచ్చయిన తర్వాత ఎవరో ఆ ఇత్తడి షీల్డును బడి గదిలోంచి తీసి చింతపండుతో తోమారు. నలుపు పోయేసరికి మధ్య సంవత్సరం ఎదుట పక్క ఊరి పేరు చెక్కి ఉంది. పెద్దాయన నాలుగేళ్లలో మూడు గెలుపులను జ్ఞాపకంలో ఒకదాని వెంట ఒకటి పేర్చుకున్నాడు, అంతే. అప్పటినుంచి నోటి మాట విన్న ప్రతిచోటా షీల్డు ఎక్కడుందని అడుగుతున్నాను.

రగ్బీకి సంబంధించి ఇలాంటి కథల్లో పెద్దది విలియం వెబ్ ఎల్లిస్‌ది. 1823లో ఇంగ్లండులోని రగ్బీ అనే ఊరి బడిలో ఫుట్‌బాల్ ఆడుతూ ఉన్నట్టుండి బంతిని చేతుల్లోకి తీసుకుని పరుగెత్తాడని, అలా ఆట పుట్టిందని చెబుతారు. ఆ బడి గోడ మీద ఫలకం కూడా ఉంది. చూసినవారు రాసిన సాక్ష్యం మాత్రం లేదు. ఆ మాట అచ్చులోకి వచ్చింది అతను చనిపోయిన తర్వాతే. ఫలకం ఉంది కదా అని నమ్మకూడదు. షీల్డు మీద అక్షరం గెలిచిన ఏడే చెక్కించేది, ఫలకం మీద అక్షరం ఎన్నో ఏళ్లకు చెక్కించేది.

కథ బాగుందని చివరి ముక్క వదిలేయడం ఇంకొక రకం తప్పు. సిడ్నీలో ఉన్న మన పిల్లలకు బాగా తెలిసిన సౌత్ సిడ్నీ క్లబ్బును చూడండి. 1908లో రెడ్‌ఫర్న్ టౌన్‌హాల్‌లో పుట్టి, మొదటి సీజన్‌లోనే విజేత అయిన ఆ క్లబ్బును 1999 సీజన్ తర్వాత జట్ల సంఖ్య తగ్గించే పేరుతో పోటీ నుంచి తీసేశారు. అభిమానులు వీధుల్లోకి వచ్చారు, 2000లో సిడ్నీలో భారీ ఊరేగింపు తీశారు, కోర్టుకెక్కారు. మొదట ఓడిపోయి, 2001 జులైలో ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచి ముందు గెలిచారు. 2002లో జట్టు తిరిగి మైదానంలోకి వచ్చింది, 2014లో 43 ఏళ్ల తర్వాత టైటిల్ గెలిచింది. చాలామంది కథను ఇలాగే చెబుతారు. 2003లో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఆ 2001 తీర్పును కొట్టివేసింది. అప్పటికే జట్టు ఆడుతోంది కాబట్టి తీర్పు వల్ల దాని చోటు పోలేదు. ఈ ముక్క చేరిస్తే కథ కొంచెం గరుకుగా తయారవుతుంది నిజమే, కాని అది లేకుండా రాస్తే కోర్టు వల్లే క్లబ్బు బతికిందన్న సగం నిజం మిగులుతుంది.

ఎక్కడ వెతకాలి, ఎవరిని అడగాలి

రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ పాత దస్త్రాలు హడర్స్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలోని హెరిటేజ్ కీ అనే భాండాగారంలో ఉన్నాయి. ఆస్ట్రేలియా పాత పత్రికలను అక్కడి జాతీయ గ్రంథాలయం ట్రోవ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా పెట్టింది. నల్లగొండలో కూర్చుని 1908 నాటి సిడ్నీ మ్యాచ్ వార్త చదవవచ్చు. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌కు డబ్బు కట్టాలి, కాబట్టి ముందు కావలసిన తేదీల జాబితా తయారుచేసుకుని, ఒక నెల చందా కట్టి, ఆ నెలలోనే పని ముగించుకోండి. ఒకే మ్యాచ్‌కు గెలిచిన ఊరి పత్రికను, ఓడిన ఊరి పత్రికను రెండింటినీ చదవడం మరవవద్దు. ఓడిన ఊరి విలేఖరికే రెఫరీ తప్పులు బాగా కనిపిస్తాయి.

మనుషులను అడిగేటప్పుడు సంవత్సరం అడగకండి. మన పెద్దవారు రజాకార్ల కాలంలో, సాగర్ కట్టేటప్పుడు, ఫలానా కరువు ఏడు అని చెబుతారు తప్ప 1948 అనో 1960 అనో చెప్పరు. అక్కడివారి లెక్కా అదే: మిల్లు మూసిన ఏడు, 1962-63లో మంచు గడ్డకట్టి వారాల తరబడి మ్యాచ్‌లు ఆగిపోయిన చలికాలం, 1984-85 గని కార్మికుల సమ్మె. ఆ గుర్తులను ముందుగా తెలుసుకుని వెళితే తేదీ వారి నోటి నుంచే దొరుకుతుంది. ఇంకొక మాట. 1950, 60లలో హడర్స్‌ఫీల్డ్, డ్యూస్‌బరీ, బాట్లీ ఉన్ని మిల్లులకు మన ఉపఖండం నుంచి చాలామంది పనికి పోయారు. రాత్రి షిఫ్టు చేసిన ఆ కుటుంబాల్లో మైదానం గేటు దాటి లోపలికి వెళ్లినవారు ఎవరు, వెళ్లడానికి జంకినవారు ఎవరు అన్నది కూడా క్లబ్బు చరిత్రే. 1995లో ఇంగ్లండు తరఫున రగ్బీ లీగ్ ఆడిన ఇక్రమ్ బట్ దక్షిణాసియా మూలాలున్నవారిలో ఆ గౌరవం పొందిన మొదటివాడు. ఆట పుట్టిన నూరో ఏడు దాకా ఎందుకు పట్టిందో అడిగి చూడండి.

ఆటగాళ్ల పట్టిక

పుస్తకం చివర ఆటగాళ్ల పట్టిక ఒకటి ఉండాలి. రగ్బీ లీగ్ క్లబ్బులలో మంచి ఆచారం ఒకటి ఉంది: క్లబ్బు తరఫున మొదటి మ్యాచ్ ఆడిన క్రమంలో ప్రతి ఆటగాడికీ ఒక వారసత్వ సంఖ్య ఇస్తారు, ఒక్క మ్యాచే ఆడినవాడికి కూడా. మీ పట్టికను ఆ వరుసలోనే వేయండి, అక్షర క్రమంలో వద్దు. పేరు, మొదటి మ్యాచ్ తేదీ, ఎదుటి జట్టు, ఆడిన మ్యాచ్‌లు, ట్రైలు, గోళ్లు అన్న గడులు అందరూ వేసేవే. వాటి పక్కన వృత్తి అని ఇంకొక గడి గీయండి. దాన్ని నింపడం అనుకున్నంత కష్టం కాదు. బ్రిటన్‌లో జనాభా లెక్కల పత్రాలను నూరేళ్ల తర్వాత బయటపెడతారు. 1911వి, 1921వి ఇప్పుడు చూడవచ్చు, అందులో ప్రతి మనిషి ఎదుట అతని పని రాసి ఉంటుంది. ఇంగ్లండు, వేల్స్‌ల 1931 పత్రాలు నిప్పంటుకుని కాలిపోయాయి, ఆ తరానికి 1939లో ఇంటింటి మనుషుల వివరాలు నమోదు చేసిన రిజిస్టర్ చూడాలి. పేరు ఒకటే ఉన్న ఇద్దరు ఒకే వీధిలో దొరుకుతారు, వయసుతోను ఇంటి నంబరుతోను సరిచూసుకోండి. తేలకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయండి. ఒక్క శనివారం ఆడి మళ్లీ కనిపించని ఆటగాడి విషయంలోనైతే, ఆ రోజు ఆ ఊరి మిల్లులు ఎన్ని గంటలకు వదిలాయో అదే వారం పత్రికలో చూసి, మ్యాచ్ మొదలైన సమయాన్ని దాని పక్కన రాసిపెట్టండి.